పన్నెండో రోజున మొదలయ్యే కథ: తండ్రిని పోగొట్టుకున్న కొడుకు మీద చిన్న సినిమా తీయడం ఎలా

నా దగ్గరికి కథ వినిపించడానికి వచ్చే కుర్రవాళ్లలో ఎక్కువమంది తెచ్చేది ఒకే కథ: తండ్రి చనిపోతాడు, కొడుకు కుమిలిపోతాడు. నెల్లూరు నుంచి వచ్చినా, కావలి నుంచి వచ్చినా, కనిగిరి నుంచి వచ్చినా ఆ కథలో మొదటి సన్నివేశం ఆసుపత్రి వరండాలోనో చితి ముందో ఉంటుంది, చివరి సన్నివేశంలో కొడుకు భోరున ఏడుస్తాడు, మధ్యలో తండ్రి భుజాన ఎత్తుకొని తిరునాళ్లలో తిప్పిన జ్ఞాపకాలు మూడో నాలుగో వస్తాయి. చెప్పేవారి బాధ నిజమైనదే. చాలాసార్లు అది వారి సొంత బాధే కనుక దాన్ని నేను ఎన్నడూ తక్కువ చేసి చూడలేదు. అయితే ఆ బాధ చూసేవారికి అందాలంటే కథను ఎక్కడ మొదలుపెట్టాలి, కొడుకు చేతికి ఏ పని ఇవ్వాలి, ఏది చూపించకుండా వదిలేయాలి అన్న మూడు విషయాలు ముందుగా తేల్చుకోవాలి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల సినిమాను మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే, మన మనుషులతోనే తీయాలనుకునేవారి కోసం నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. పన్నెండో రోజు ఉదయం మొదలుపెట్టండి. చావు జరిగిన రోజు నుంచి పెద్దకర్మ దాకా ఇల్లు మనుషులతో నిండి ఉంటుంది. ఎవరో ఒకరు అన్నం వండుతారు, ఎవరో ఒకరు పక్కన పడుకుంటారు, ఏం చేయాలో పురోహితుడో పెద్దలో చెబుతారు. ఆ పదకొండు రోజులూ కొడుకుకు తీరిక ఉండదు. అసలు లోటు తెలిసేది చుట్టాలందరూ బస్సులెక్కి వెళ్లిపోయిన తర్వాతే. మా నాయన పోయిన పన్నెండో రోజున షామియానా వాళ్లు వచ్చి కుర్చీలు లెక్కపెట్టుకుంటే ఒకటి తక్కువ వచ్చింది. ఇల్లంతా, వీధంతా వెతికితే అది పెరట్లో నిమ్మచెట్టు కింద, సాయంత్రం పూట నాయన మంచం వాల్చుకునే చోట దొరికింది. ఎవరు తీసుకెళ్లి అక్కడ వేశారో ఎవరికీ తెలియదు. ఆ కుర్చీని తెచ్చి ఆటోలో ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆసుపత్రి వరండా కన్నా ఆ కుర్చీతోనే సినిమా మొదలుకావాలని నేను అంటాను, ఎందుకంటే అందులో చావు ఉంది, చావును గురించిన మాట ఒక్కటీ లేదు.

తండ్రి వదిలిపోయిన పని

కథ రాయడానికి కూర్చునే ముందు తండ్రి ఏ పని మధ్యలో పోయాడో రాసుకోండి. మంచివాడు, కోపిష్టి, మాట తక్కువ మనిషి అన్న గుణాల పట్టిక ఇందుకు పనికిరాదు. పోయిన మనిషి గుణాలను మాటల్లో చెప్పించవలసి వస్తుంది, అతడు సగంలో వదిలిన పని మాత్రం కెమెరాకు నేరుగా కనబడుతుంది. కొడుకు ఆ పనిని చేపడతాడా, చేతకాక పాడుచేస్తాడా, అమ్మేస్తాడా అన్నదే మీ కథ అవుతుంది.

మన దగ్గర అలాంటి పనులకు కొదవ లేదు. పెన్నా డెల్టాలో అయితే వరి ఉంది. ఇక్కడ ధాన్యాన్ని పుట్టి లెక్కన, అంటే 850 కిలోల లెక్కన కొంటారు. పట్నంలో చదువుకొని వచ్చిన కొడుకుకు క్వింటాలు తెలుస్తుంది గాని పుట్టి బేరం తెలియదు. కయ్య (వరిమడి) గట్టు మీద నిలబడ్డ దళారి చెప్పిన ధరకు తల ఊపాలో వద్దో తేల్చుకోలేక అతడు తండ్రి కోసం పక్కకు తిరిగి చూసే ఒక్క క్షణం చాలు. తీరంలో రొయ్యల గుంటలు ఉన్నాయి. రాత్రి ఏరియేటర్ల మోత ఆగితే నిద్రలేచి పరుగెత్తవలసిన పని అది, ఎందుకంటే నీటిలో ప్రాణవాయువు తగ్గితే తెల్లారేసరికి పంట మొత్తం చచ్చిపోవచ్చు. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో పనిచేసిన తండ్రి కావచ్చు, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే తండ్రి కావచ్చు. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో చూసిన పనినే తీసుకోండి. చదివి తెలుసుకున్న పనిలో చేతులు అబద్ధం చెబుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు. టంగుటూరు, కొండపి ప్రాంతాల్లోనూ, నెల్లూరు జిల్లాలో కలిగిరి వైపునా పెరిగినవారికి దాన్ని పరిచయం చేయనక్కరలేదు. కర్రలకు కట్టిన పచ్చి ఆకును లోపల వరసలు వరసలుగా వేలాడదీసి, నిప్పు పెట్టిన తర్వాత కొన్ని రోజులపాటు రాత్రీ పగలూ వేడిని కనిపెట్టుకొని ఉండాలి. మొదట తక్కువ వేడిలో ఆకు పసుపు రంగుకు తిరగాలి, ఆ తర్వాత వేడిని కొద్దికొద్దిగా పెంచుతూ ఆకును, చివరకు లావాటి ఈనెను ఆరబెట్టాలి. తొందరపడి ముందే వేడి పెంచితే రంగు చెడుతుంది, రంగు చెడితే వేలంలో ధర పడిపోతుంది. లోపల థర్మామీటరు వేలాడుతూనే ఉంటుంది గాని పాతకాలపు రైతు గోడ మీద అరచెయ్యి ఆనించి, తలుపు సందులోంచి వచ్చే వాసన పీల్చి కట్టె వేయాలో ఆపాలో చెప్పేస్తాడు.

ఇప్పుడు ఒక రాత్రిని ఊహించండి. తండ్రి పోయాడు, ఆకు చేను మీద ముదిరిపోతోంది, ఆగే వీలు లేదు. కొడుకు నిప్పు పెట్టాడు. అర్ధరాత్రి టార్చిలైటు వేసి థర్మామీటరు చూస్తాడు, అంకె కనబడుతుంది, ఆ అంకె సరిపోతుందో లేదో మాత్రం తెలియదు. ఫోను తీసి ఎవరికో చేయబోయి మానుకుంటాడు. గోడ దగ్గరికి వెళ్లి, సరిగ్గా తండ్రి చెయ్యి ఆనీ ఆనీ నున్నబడిన చోట తన అరచెయ్యి పెడతాడు. చెయ్యి తీయడు. ఈ సన్నివేశాన్ని మీరు నాలుగు నిమిషాలు తీయవచ్చు, ఒక్క మాట అక్కరలేదు, నేపథ్య సంగీతం అసలే అక్కరలేదు. కట్టె చిటపటలు, దూరంగా కుక్క అరుపు, కొడుకు ఊపిరి ఉంటే చాలు. తెల్లవారి పనివాళ్లలో ఒక పెద్దామె వచ్చి ఆకును చూసి "పర్లేదులే" అని మాత్రం అనాలి. అంతకు మించిన మెచ్చుకోలు ఆమె నోట పెడితే సన్నివేశం పలచబడుతుంది.

కాగితాల మీద నాయన పేరు

కథ రాసేవారు కాగితాలను దాదాపుగా వదిలేస్తారు, నాకు మాత్రం అవి కర్మకాండ కన్నా బలమైన సన్నివేశాలుగా తోస్తాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించాలి, గడువు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు అవసరమవుతాయి. అంటే కొడుకు తన దుఃఖాన్ని మూడు వారాల లోపల గ్రామ సచివాలయంలో ఒక దరఖాస్తుగా మార్చి ఇవ్వాలి. ఆ తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకులో నామినీ పేరు, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు మార్పు, కరెంటు బిల్లు మీద పేరు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ప్రతి బల్ల దగ్గరా అతడు అదే మాట మళ్లీ చెప్పాలి.

ఒక్క క్షణాన్ని దగ్గరగా తీయండి. దరఖాస్తులో తండ్రి పేరు అన్న గడి వస్తుంది. చిన్నప్పటినుంచి ఆ గడిని వేలసార్లు నింపిన చెయ్యి అలవాటుగా పేరు రాసేస్తుంది. బల్ల అవతలి ఉద్యోగి, ఏ కాఠిన్యమూ లేకుండా, "ముందు లేటు అని పెట్టండి" అంటాడు. పేరుకు ముందు చోటు లేదు. కొడుకు ఆ చిన్న సందులో, గీతకు పైన, రెండక్షరాలు ఇరికించి రాస్తాడు. కెమెరా పెన్ను మొన మీద ఉండాలి, ముఖం మీద కాదు. ఉద్యోగిని దుర్మార్గుడిగా చూపించాలన్న ఆశను అణచుకోండి. అతడు రోజుకు పదిమందికి అదే మాట చెప్పేవాడు, అతడి గొంతులోని మామూలుతనమే కొడుకును ఎక్కువగా కోస్తుంది.

ఈ వరసలోనే ఇంటికి సంబంధించిన చప్పుళ్లు, అలవాట్లు కూడా రాసుకోండి. తండ్రి టీవీఎస్ మోపెడ్ మీద రోజూ ఏడింటికి వచ్చేవాడనుకుందాం. ఇప్పుడూ ఏడింటికి వీధిలో ఎవరిదో మోపెడ్ పోతుంది, ఆ చప్పుడు వినబడగానే తల్లి చెయ్యి కంచాల గూటి వైపు కదిలి సగంలో ఆగుతుంది. అంతే, అక్కడ ఆమె ముఖాన్ని దగ్గరగా చూపించే షాటు వేయకండి. తండ్రి ఫోనులో దాచిన గొంతు కొడుకుకు దొరకడం అన్న ఉపాయాన్ని మాత్రం దయచేసి వాడకండి. అది చాలా సినిమాల్లో వచ్చి అరిగిపోయింది, పైగా చచ్చిపోయిన మనిషి చేత కథకుడు తనకు కావలసిన మాటలు చెప్పించుకోవడం నాకు న్యాయంగా తోచదు.

కర్మకాండను ఎంత చూపించాలి

పాడె మోయడం, దింపుడు కళ్లం దగ్గర చెవిలో మూడుసార్లు పేరు పిలవడం, నీళ్ల కుండ భుజాన పెట్టుకొని తిరగడం, తలకొరివి, మూడో రోజు చిన్నకర్మ, పెద్దకర్మనాటి పిండప్రదానం: వీటన్నిటిలో తెరకు పనికొచ్చే బలం ఉంది కనుకనే అన్నీ పెట్టేయాలనిపిస్తుంది. ఒకటి మాత్రమే ఎంచుకోండి, అదీ కొడుకు మనసులోకి తిరిగి వచ్చే ముక్కగానే. నేనైతే దింపుడు కళ్లాన్ని ఎంచుకుంటాను. చనిపోయాడని అందరికీ తెలిసిన మనిషిని, లేస్తాడేమో అన్న ఆశతో, పేరు పెట్టి పిలిచే ఆచారం అది. దింపుడు కళ్లం ఆశ అన్న మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. తండ్రిని ఎన్నడూ పేరు పెట్టి పిలవని కొడుకు ఆ చెవిలో ఏమని పిలిచి ఉంటాడు? ఆ మాటను ప్రేక్షకుడికి వినిపించకండి, పెదవులు చెవి దగ్గరికి వంగడం చూపిస్తే చాలు.

కాకి ముట్టే సన్నివేశం తీయాలనుకునేవారికి రెండు మాటలు చెప్పాలి. పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని పెద్దలు అనుకోవడం, ఎవరో ఒకరు ముందుకు వచ్చి "చెల్లి పెళ్లి నేను చేస్తా" అని మాట ఇవ్వడం మన ఊళ్లలో నిజంగా జరిగేదే. ఆ మాట ఇచ్చిన కొడుకు జీవితం దానితో ఎలా ముడిపడిందన్నది మంచి కథ. కాని కాకిని కట్టి తెచ్చి తీయడం తగదు. జంతువులను, పక్షులను చిత్రీకరణలో వాడాలంటే 2001 నాటి నిబంధనల ప్రకారం ముందుగా జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలి, ఇది ఒంగోలు గిత్తలకూ వర్తిస్తుంది. కెమెరాను దూరంగా పెట్టి, కుటుంబం తలలెత్తి చెట్టు వైపు చూస్తున్న ముఖాలను తీసి, కాకి అరుపును శబ్దంలో వినిపిస్తే ఎదురుచూపు ఇంకా బాగా పండుతుంది.

ఆచారాలు కులాన్నిబట్టి, ఊరినిబట్టి మారతాయి. కొందరికి పెద్దకర్మ పదకొండో రోజు, మరికొందరికి ఆ తర్వాత. క్రైస్తవ కుటుంబమైతే సమాధి కార్యక్రమం, ఆదరణ కూడిక ఉంటాయి, ముస్లిం కుటుంబమైతే జియారత్ (పోయినవారి కోసం చేసే ప్రార్థన) ఉంటుంది. మీరు ఎంచుకున్న ఇంటి పద్ధతిని ఆ ఇంటి పెద్దామెను అడిగి రాసుకోండి, పురోహితుడు చెప్పని సంగతులు ఆమె చెబుతుంది. తల్లికి గాజులు, బొట్టు తీయించే సన్నివేశాన్ని మాత్రం ఏడుపు కోసం పెట్టకండి. ఆ తంతును ఇప్పుడు చాలా కుటుంబాలు మానుకుంటున్నాయి. మీ కథ ఆ విషయం మీదే నడిచేదైతే తప్ప, ఒక స్త్రీ అవమానాన్ని కొడుకు దుఃఖానికి అలంకారంగా వాడుకోవడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

తిండిని మరచిపోవద్దు. మైల రోజుల్లో నీసు వండని ఇంట్లో, అన్నీ ముగిసిన కొన్నాళ్లకు తల్లి మొదటిసారి చేపల పులుసు పెడుతుంది. చింతపండు పిసికే చెయ్యి, పులుసు మరిగేటప్పుడు జారవిడిచే మామిడికాయ ముక్కలు, గరిటె పెట్టకుండా గిన్నెను రెండు చేతులతో పట్టి తిప్పే పద్ధతి, ఇవి నెల్లూరువాళ్ల కళ్లకు వెంటనే తగులుతాయి. ఈ పులుసు మరునాటికే రుచి కనుక తల్లి అలవాటు కొద్దీ ఒక వాటా ఎత్తిపెడుతుంది. మరునాడు ఆ గిన్నె మూత ఎవరు తీస్తారు అన్నదాన్ని మీరు రాయండి.

మాట

సినిమా మాటలు ఇప్పుడు ఎక్కువగా హైదరాబాదులో ఒక మూసలో తయారవుతున్నాయి. "నాన్నా, నువ్వు లేని ఈ లోకం నాకు శూన్యం" అని మన వైపు ఏ కొడుకూ అనడు. మన పలుకుబడిని వినండి. పక్కింటాయన వచ్చి "నిన్నగాక మొన్న కాలవకట్ట మీద కనపడి పలకరించినాడబ్బయా" అంటాడు. తల్లి చెల్లెలితో "వాడు పొద్దన్నించి మెతుకు ముట్టలా" అంటుంది. మేనమామ "నువ్వే ఇట్టా కూలబడితే మీ అమ్మ ఎవర్ని చూసుకోవాల?" అని మందలిస్తాడు. ఈ చివరి మాట చాలా ముఖ్యమైనది. మగపిల్లవాడివి, నువ్వు ఏడవకూడదు అన్న ఆజ్ఞను మన ఇళ్లలో ఇలాగే, ప్రేమతోనే ఇస్తారు. కొడుకు ఏడుపు నెలల తరబడి గొంతులో ఉండిపోవడానికి కారణం ఆ ప్రేమే కనుక మేనమామను మొరటువాడిగా రాస్తే కథ చెడుతుంది.

మన యాసలో సినిమాకు దొరికిన వరం ఒకటుంది. ఇక్కడ చాలా ఇళ్లలో తండ్రిని నాయన అంటారు, అదే మాటతో పెద్దవాళ్లు పిల్లవాణ్ని "రా నాయనా, తిను నాయనా" అని బుజ్జగిస్తారు. తండ్రి బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఈ మాట రెండు వైపులా నడుస్తుంది. అతడు పోయాక కొడుకు ఆ మాట అనవలసిన అవసరం పోతుంది, ఆ మాట అనిపించుకోవడం మాత్రం మిగులుతుంది. కథలో ఒక అవ్వనో మేనత్తనో పెట్టి, సినిమా మొత్తం మీద ఎవరి నోటా రాని ఆ పిలుపును ఒక్కసారి ఆమె చేత అనిపించండి. ఎక్కడ అనిపించాలన్నది మీరు తేల్చుకోండి. దానికి ముందు పది నిమిషాలపాటు మాత్రం కొడుకును అందరూ పేరుతోనో అబ్బాయ్ అనో పిలవాలి.

రాసిన తర్వాత మాటలన్నీ బిగ్గరగా చదివి సగం కొట్టేయండి. మాటలు, వర్ణన కలిపి ఒక పేజీకి సుమారు ఒక నిమిషం పడుతుందన్నది స్థూలమైన లెక్క. మౌనం ఎక్కువగా ఉన్న ఇలాంటి కథకు ఆ లెక్క తప్పుతుంది, పదహారు పేజీలు రాస్తే ఇరవై రెండు నిమిషాలు రావచ్చు. బ్యారన్ రాత్రి రాతలో అయిదు వాక్యాలే.

నటులు

ఊరివాళ్లతో తీయడానికి భయపడవద్దు. కన్నడంలో 2015లో వచ్చిన తిథి అన్న చిత్రం, ఒక ముసలాయన చనిపోయిన తర్వాత పదకొండో రోజు వరకు నడిచే కథ, మండ్య జిల్లా పల్లెల్లో అక్కడి మనుషులతోనే తీసినది. దానికి స్విట్జర్లాండులోని లొకార్నో చిత్రోత్సవంలో గోల్డెన్ లెపర్డ్ పురస్కారం వచ్చింది. ఊరివాళ్లకు మాటలు బట్టీ పట్టించకండి, సందర్భం చెప్పి వాళ్ల మాటల్లో అననివ్వండి, వాళ్లకు అలవాటైన పనిని చేతికిచ్చి ఆ పని చేస్తుండగా మాట్లాడించండి. నాటక పరిషత్తుల్లో ఆడిన అనుభవజ్ఞులు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు లోతు ఉంటుంది, గొంతు మాత్రం చివరి వరసకు వినబడేలా లేస్తుంది. నటనను తగ్గించమని చెబితే నొచ్చుకుంటారు, "పక్క గదిలో పాప నిద్రపోతోంది" అని చెబితే గొంతు దానంతట అదే దిగుతుంది.

కొడుకు పాత్రకు నిజంగా ఈమధ్యే తండ్రిని పోగొట్టుకున్న కుర్రవాణ్ని తీసుకోవాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఏడాదైనా నిండనిదే వద్దు. తీసుకుంటే ఏ సన్నివేశమైనా మధ్యలో ఆపే హక్కు అతడికి ఉందని అందరి ముందూ చెప్పండి. అలాగే నిజంగా చావు జరిగిన ఇంటి ముందు, శ్మశానంలో దహనం జరుగుతుండగా దొంగచాటుగా కెమెరా తిప్పడం ఏ కళా సమర్థించదు. శ్మశానంలో తీయవలసి వస్తే పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతి, అక్కడి కాటికాపరి అంగీకారం రెండూ తీసుకొని, ఏ దహనమూ లేని పూట వెళ్లండి.

వెలుతురు, గాలి

మన సముద్రం తూర్పున ఉంది. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా, మైపాడులోనో కొత్తపట్నంలోనో సూర్యుడు సముద్రంలో మునుగుతుండగా కొడుకు నిలబడే దృశ్యం రాసుకొని వచ్చినవారిని చూశాను. సముద్రం మీద బంగారు వెలుతురు కావాలంటే తెల్లవారకముందే అక్కడ ఉండాలి, పొద్దెక్కితే వెలుతురు గట్టిపడిపోతుంది. సాయంత్రం కావాలంటే పెన్న ఒడ్డుకు రండి. నెల్లూరులో రంగనాథస్వామి ఆలయం వైపు నుంచి ఏటిని ఎగువకు చూస్తే పొద్దు నీటి వైపు దిగుతుంది. వానలు మనకు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. వాన కావలసిన కథ అయితే తప్ప ఆ నెలల్లో బయటి చిత్రీకరణ పెట్టుకోవద్దు, 2021 నవంబరులో పెన్న పొంగి ఊళ్లను ముంచిన సంగతి మరవకూడదు. మే నెల ఎండలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మనుషులకు విశ్రాంతి ఇవ్వండి. వరి కోతలు, పొగాకు కాల్పులు సాగే ఎండకాలపు తొలి నెలలు మీ కథకూ, వెలుతురుకూ అనుకూలం.

ఫోనుతో తీసేవారు మాన్యువల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్యూబులైటు కింద చారలు, మినుకులు రాకుండా ఉంటాయి. పగలు బయట అదే షట్టరు పెడితే బొమ్మ తెల్లబోతుంది, అందుకు వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు కావాలి. డ్రోను ఈ కథకు అవసరం లేదనే నా అభిప్రాయం, పోయిన మనిషి ఇంటిని ఆకాశం నుంచి చూసేవారు ఎవరూ ఉండరు.

బొమ్మ కొంచెం చెడినా ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు గాని మాట వినబడకపోతే ఓర్చుకోడు. మొదటిసారి మేము సముద్రపు ఒడ్డున ఒక పూటంతా తీసిన మాటలు గాలి హోరులో కలిసిపోయాయి. మైకుకు బొచ్చు తొడుగు వేయలేదు, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని వినలేదు. తర్వాత డబ్బింగు చెప్పించాం, ఆ అబ్బాయి ఒడ్డున మాట్లాడినప్పటి వణుకు మాత్రం గదిలో తిరిగి రాలేదు. ప్రతి చోటా చిత్రీకరణ ముగిశాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషంపాటు ఆ చోటి నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోండి. తండ్రి లేని ఇంటి నిశ్శబ్దం, ఫ్యాను తిరుగుతూ దూరంగా బోరు మోటారు ఆడే నిశ్శబ్దం, మీ సినిమాకు అసలైన సంగీతం అదే.

కూర్పు, ప్రదర్శన

కూర్పులో మొదట తీసేయవలసినవి జ్ఞాపకాల దృశ్యాలు. తండ్రి ముఖాన్ని అసలు చూపించకుండా సినిమా నడుస్తుందేమో ఒకసారి ప్రయత్నించి చూడండి: వెనక నుంచి భుజం, మోపెడ్ మీద ఎగిరే తువ్వాలు, గోడ మీద అరచెయ్యి గుర్తు. నాకు తెలిసి చాలాసార్లు నడుస్తుంది.

చావు ఇళ్లలో ఘంటసాల భగవద్గీత వినిపించడం ఎంతగా అలవాటైందంటే, అది ఏ వీధి నుంచి వినబడినా పిల్లలు సైతం ఎవరు పోయారని అడుగుతారు. సినిమాలో పెట్టాలని మీకు సహజంగానే అనిపిస్తుంది, హక్కుదారుల అనుమతి లేకుండా పెట్టవద్దు. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు హక్కు 60 ఏళ్లు ఉంటుంది, యూట్యూబు యంత్రం ఆ ముక్కను సులభంగా పట్టేస్తుంది కూడా. మూగబోయిన స్పీకరును, దాని తీగ చుట్టుకుంటున్న కుర్రవాణ్ని చూపించినా ఊరివాళ్లకు ఏది ఆగిపోయిందో తెలుస్తుంది. థియేటరులో వేయాలంటే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సారు ధ్రువపత్రం కావాలి, ఆ ఖర్చునూ సమయాన్నీ ముందే లెక్కలో పెట్టుకోండి.

సినిమా పూర్తయ్యాక, ఎవరి ఇంట్లో తీశారో ఆ ఇంటివాళ్లకు మొదట చూపించండి. టౌన్‌హాల్ ప్రదర్శన, చిత్రోత్సవాలు, యూట్యూబు అన్నీ ఆ తర్వాతే. మేము ఒకసారి కోవూరు దగ్గర ఒక పల్లెలో, ఏడాది కిందట ఇంటి యజమాని పోయిన ఇంట్లో తీశాం. పాత గోడ గడియారం, మంచం, కొక్కేనికి వేలాడే చొక్కా అన్నీ వాళ్లవే. చివరి కూర్పు ల్యాప్‌టాపులో చూసి ఆ ఇల్లాలు ఏమీ అనలేదు, లేచి కాఫీ పెట్టుకొచ్చింది. మేము బయలుదేరుతుంటే గడప దగ్గర ఆపి, చెప్పుల బొమ్మ ఒక్కటి తీసేయమంది, ఆ చెప్పులు ఆయనవి కావని, ఆయనవి ఎవరికో ఇచ్చేసిందని చెప్పింది. సినిమా మొత్తంలో మాకు బాగా నచ్చిన దృశ్యం అది, ఎనిమిది సెకన్లు ఉంటుంది. ఆ రాత్రే తీసేశాం.